చావడి అరుగు మీద గ్రామరు

రాజపాళయంలో తెలుగిళ్ల పిల్లల చదువు మూడు భాషల మధ్య నడిచేది. ఇంట్లో తెలుగు, కాని దాని అక్షరాలు మాకు రావు. బడిలో, బజారులో తమిళం. పరీక్ష గట్టెక్కాలంటే ఇంగ్లీషు. ఈ మూడో భాషను మా మొదటి భాషలో విడమరిచి చెప్పే సాయంకాలపు ట్యూషన్లు నా చిన్నతనంలో ఊళ్లో చాలాచోట్ల ఉండేవి. ఇప్పుడు లేవు. ఆ ట్యూషన్లతోపాటు మా తెలుగు కూడా చాలామటుకు పోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరు తెలియనివారికి నాలుగు మాటలు. మదురైకి నైరుతి దిక్కున, పడమటి కనుమల పాదాల దగ్గర ఉంటుంది రాజపాళయం. విజయనగరం నాటి వలసల్లో దక్షిణానికి దిగివచ్చిన, తెలుగు మాట్లాడే రాజు కులస్థులు స్థిరపడ్డ ఊరు. పళయపాళయం, పుదుపాళయం, సింగరాజకోట, చక్కరాజకోట అని పేటలు. ఒక్కో పేటకు ఒక్కో చావడి. పెళ్లి మాటలు, తగవులు, గుడి లెక్కలు అన్నీ అక్కడే తేలేవి. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆంధ్ర రాష్ట్రాన్ని వేరు చేసే విషయం తేల్చడానికి 1949లో వేసిన విభజన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ప్రకాశం పంతులు, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి అందులో సభ్యులు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి తమిళ ప్రాంతపు నాయకుడిగా ఆ బల్ల దగ్గర కూర్చుని, తెలుగు నాయకులతో ఏ వాదమైనా ఇంగ్లీషు కాగితాల మీదే నడపవలసిన కాలం అది. మా ఊరి స్థితిని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. శ్రీవిల్లిపుత్తూరు మాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరం. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన గోదాదేవి కథ జరిగింది అక్కడే. పండక్కి ఆ గుడికి వెళ్లేవాళ్లం, పాలకోవా కొనుక్కుని వచ్చేవాళ్లం. తెలుగులో అంత గొప్ప కావ్యం ఆ వీధుల కథ మీదే పుట్టిందని మాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా చదవగల అక్షరం మా దగ్గర లేదు.

1968 జనవరిలో అన్నాదురై ప్రభుత్వం శాసనసభలో తీర్మానం చేసి బడుల్లోంచి హిందీని తీసేసింది. తమిళం, ఇంగ్లీషు, అంతే. నా బడి చదువంతా ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. మూడో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దాం. మిగతా పాఠాలన్నీ తమిళంలో ఉండేవి గనక ఇంగ్లీషు రోజుకు ఒక్క పీరియడు. పదకొండో తరగతి చివర ఎస్సెస్సెల్సీలో మాత్రం ఆ ఒక్క పీరియడే మనిషి తలరాత తేల్చేది. ముప్పై అయిదు మార్కులు వస్తే కాలేజీ, టైపు ఇన్‌స్టిట్యూటు, మిల్లు ఆఫీసులో కుర్చీ. రాకపోతే మిల్లులోనే, కాని స్పిన్నింగు గదిలో. లెక్కలు, సైన్సు ఎంత బాగా వచ్చినా ఇంగ్లీషులో ఆగిపోయినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉండేవారు.

బడిలో ఇంగ్లీషు చెప్పే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. 1950ల్లో మద్రాసు రాష్ట్రం స్ట్రక్చరల్ పద్ధతికి మళ్లింది. సూత్రాలు చెప్పకూడదు, సొంత భాష వాడకూడదు, వాక్యపు అచ్చుల్ని పదేపదే పలికించాలి. పెన్ను చూపించి దిస్ ఈజ్ ఎ పెన్ అనాలి. తలుపు దాకా నడుస్తూ ఐ యామ్ వాకింగ్ టు ది డోర్ అనాలి. దశాబ్దం చివర 27 వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఈ పద్ధతిలో మళ్లీ శిక్షణ ఇవ్వాలని పెద్ద ఉద్యమమే నడిపారు. కొందరికి నేర్పితే వాళ్లు మరికొందరికి, వాళ్లు ఇంకొందరికి. ఇంగ్లీషు బోధన చరిత్రలో దానికి మద్రాసు స్నోబాల్ అని పేరు. దాని ఉద్దేశం మంచిదే. కాని అరవైమంది పిల్లలున్న గదిలో ఒక్కొక్కడితో వాక్యం పలికించే సమయం ఎవరికి ఉంటుంది? అందరూ కలిసి అరిచేవాళ్లం. అర్థం తెలియకుండానే పీరియడు అయిపోయేది.

అర్థం సాయంత్రం తెలిసేది. మిల్లు సంగు, అంటే సైరను, ఊదగానే. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్లు పెట్టినప్పటినుంచి ఊరు గడియారం చూసుకోవడం మానేసిందనేవారు పెద్దలు. సంగు ఊదితే షిఫ్టు మారినట్టు, సంగు ఊదితే అన్నం వేళ, సంగు ఊదితే ట్యూషన్ వేళ. మా పేట చావడి అరుగు మీద సారు చాప పరిచి కూర్చునేవారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. తెల్ల పంచె, భుజం మీద తుండు, ఒళ్లో అట్ట ఊడిన నెస్‌ఫీల్డు గ్రామరు, పక్కన రెన్ అండ్ మార్టిన్. ఫీజు ఇంత అని అడిగేవారు కాదు. ఇవ్వగలిగినవాళ్లు నెలకు ఇచ్చేవారు. తోట ఉన్నవాళ్లు వేసవిలో మామిడిపళ్ల బుట్ట తెచ్చేవారు.

ఆ రెండు పుస్తకాల గురించి కొంచెం చెప్పుకోవాలి, మన దేశంలో నాలుగైదు తరాలు వాటి కిందే పెరిగాయి గనక. నెస్‌ఫీల్డు ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన దొర. ఆయన వ్యాకరణం పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. పార్సింగు, క్లాజ్ అనాలిసిస్ అంతా ఆయన రాజ్యం. రెన్ అండ్ మార్టిన్ 1930ల్లోది. పి.సి. రెన్ అంటే బో జెస్ట్ నవల రాసిన రెన్నే. సైనికుల సాహస కథలు రాసిన చెయ్యి ప్రిపొజిషన్ల అభ్యాసాలు కూడా రాసింది. ఆ పుస్తకాన్ని తర్వాతి కాలానికి తగినట్టు సవరించినవారి పేరు లోపలి పేజీలో ఉంటుంది, ఎన్.డి.వి. ప్రసాదరావు అని. సారు ఆ పేరు మీద వేలు పెట్టి "మనవాడేరా" అనేవారు. ఇంగ్లీషు పుస్తకంలో తెలుగు పేరు చూడటం మాకు అదే మొదటిసారి.

సారు చెప్పే తీరు బడి తీరుకు పూర్తిగా ఎదురు. మొదట సూత్రం, తర్వాత తెలుగులో దాని జాడ, ఆ తర్వాతే ఇంగ్లీషు వాక్యం. పొడుగాటి వాక్యం ఇచ్చి "క్రియ యాడుందిరా?" అనేవారు. క్రియ దొరికిందాకా ఇంకో మాట లేదు. దొరికాక ప్రశ్నలు మొదలు. ఎవరు? ఏమిటి? ఎప్పుడు? ఎక్కడ? ఎందుకు? ఎట్లా? ఎవరు, ఏమిటి అన్నదానికి జవాబిచ్చే ఉపవాక్యం నౌన్ క్లాజు. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లా అన్నదానికి జవాబైతే అడ్వర్బ్ క్లాజు. ఏ మనిషి, ఏ వస్తువు అన్నదానికైతే అడ్జెక్టివ్ క్లాజు. క్లాజ్ అనాలిసిస్ అంటే బడిలో గీతలు గీసిన పట్టిక. చావడిలో అది అవ్వ అడిగే ప్రశ్నల వరస. ఆ వరస తెలిసిన పిల్లవాడు ఎంత పెద్ద వాక్యం చూసినా బెదిరేవాడు కాదు.

క్రియ ఎక్కడుంటుందో చెప్పడానికి సారు తెన్కాశి రైలును వాడుకునేవారు. మన వాక్యంలో ఇంజను చివర ఉండి పెట్టెల్ని నెడుతుంది, ఇంగ్లీషులో ముందుండి లాగుతుంది, అందుకని మొదట ఇంజను వెతుక్కోండి అని. అడ్జెక్టివ్ క్లాజు వచ్చేసరికి ఇదే సూత్రం ఇంకా బాగా పనికొచ్చేది. నిన్న వచ్చిన మనిషి అంటాం మనం. మనిషి చివర. ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే అంటాడు దొర. మనిషి ముందు, వాడి సంగతి వెనక. తమిళంలోనూ మన వరసే గనక రెండు భాషలూ ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు నిలబడేవి. ఈ ఎదురు నిలవడాన్ని దాచకుండా చూపించడమే ఆయన బోధనలో బలం. దాన్ని దాచి, పిల్లవాడు ఇంగ్లీషును ఇంగ్లీషులోనే గ్రహిస్తాడనుకోవడం బడి పద్ధతిలో బలహీనత. ఈ మాట ఇప్పటికీ గట్టిగా అంటాను.

రిపోర్టెడ్ స్పీచి మాకు అన్నిటికంటే కష్టం. తెలుగులో ఒకరన్న మాటను ఉన్నదున్నట్టు పెట్టి పక్కన అని చేర్చేస్తాం. రేపు వస్తాను అని చెప్పాడు. పని అయిపోయింది. ఇంగ్లీషులో ఐ పోయి హీ రావాలి, విల్ పోయి వుడ్ రావాలి, టుమారో పోయి ది నెక్స్ట్ డే రావాలి. ఎందుకు రావాలి? సారు దీన్ని కబుర్లు మోయించి నేర్పారు. ఒకణ్ణి పిలిచి "నీళ్లు పంపమని ఇంట్లో చెప్పు, రేపు నేను శివకాశి పోతున్నానని కూడా చెప్పు" అనేవారు. వాడు లోపలికి వెళ్లి తెలుగులో చెప్పి, తిరిగొచ్చి ఏం చెప్పాడో ఇంగ్లీషులో మాకు చెప్పాలి. అప్పటికి మాట్లాడినవాడు వేరు, చెప్పేవాడు వేరు, సమయం వేరు. ఇవి మారాయి గనకనే మాటలు మారాయని అరుగుకీ వంటింటికీ మధ్య నడిచినప్పుడు ఒంటికి తెలిసేది.

ప్యాసివ్ వాయిస్‌కు ఆయన మమ్మల్ని మునిసిపాలిటీ నోటీసు బోర్డు దగ్గరికి తీసుకుపోయారు. రాముడి చేత రావణుడు చంపబడెను అని మన ఇళ్లలో ఎవరూ అనరు. అలాంటి వాక్యం ఎందుకు కావాలో తెలియకుండా వందసార్లు మార్చి రాసినా లాభం లేదు. నోటీసు బోర్డులో అన్నీ అవే వాక్యాలు. తెలుగులో పెడితే ఇలా ఉంటాయి: నీటి సరఫరా నిలిపివేయబడును. అపరాధ రుసుము వసూలు చేయబడును. ఎవరు నిలిపేస్తారో, ఎవరు వసూలు చేస్తారో ఉండదు. చేసేవాడి పేరు అక్కర్లేనప్పుడు, తెలియనప్పుడు, చెప్పదలుచుకోనప్పుడు ఈ వాక్యం వాడతారని అక్కడే చెప్పారు. దస్తావేజులూ, కోర్టు కాగితాలూ చదివేటప్పుడు బై అన్న మాట కోసం వెతకండి, లేకపోతే ఎందుకు లేదో అడగండి అనేవారు. పరీక్షలో రెండు మార్కుల సంగతి అది. నాకు మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ ఉపయోగపడింది.

మిగతావి తొందరగా అయిపోయేవి. మన కదా ఒక్కటే అన్ని చోట్లా చెల్లుతుంది, ఇంగ్లీషు క్వశ్చన్ ట్యాగు మాత్రం క్రియను బట్టి మారుతుంది. ఆర్టికల్సు మన రెండు భాషల్లోనూ లేవు గనక చెవినే నమ్ముకోవాలి, యాన్ ఎమ్మెల్యే, ఎ యూనియన్. టూ టు తీసి సో దట్ పెట్టడం, ఇన్‌స్పైట్ ఆఫ్ తీసి దో పెట్టడం, సింపుల్ వాక్యాన్ని కాంప్లెక్సుగా, కాంపౌండుగా మార్చడం. ఇవి కంఠతా వచ్చేదాకా వల్లించేవాళ్లం. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఊరూరా పిల్లలు చేసినదే.

వొకాబులరీ వేరే కథ. సారు కొత్త మాటల్ని పుస్తకంలోంచి మొదలుపెట్టేవారు కాదు, మిల్లులోంచి మొదలుపెట్టేవారు. మా వీధుల్లో అక్షరం ముక్క రాని ఆడవాళ్ల నోట కూడా స్పిండిలు, బాబిను, కార్డింగు, డాఫింగు, కోన్ వైండింగు, ఓవర్‌టైము తిరుగుతుండేవి. "మీ అమ్మకు వచ్చిన ఇంగ్లీషు మీకు స్పెల్లింగుతో రావాలి" అనేవారు. నిండిన బాబిన్లు తీసేయడం డాఫింగు. నాన్‌డిటెయిల్డు (ఉపవాచకం) కథలో ఎవరో దొర టోపీ డాఫ్ చేశాడని వస్తే బడిలో అందరూ బిక్కమొహం వేశారు, డాఫరు కొడుకు ఒక్కడే తీశాడని చెప్పాడు. ఆ పూట వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

మాటలు రాసుకోవడానికి శివకాశిలో తయారైన నోటుబుక్కు. పేజీని నిలువునా మూడు భాగాలు చేసేవాళ్లం. మొదటి దాంట్లో ఇంగ్లీషు మాట. రెండో దాంట్లో లిఫ్కో డిక్షనరీ చూసి తమిళ అర్థం. మద్రాసులో లిటిల్ ఫ్లవర్ కంపెనీ వేసిన ఆ నిఘంటువు లేని చదువుకున్న ఇల్లు ఉండేది కాదు. మూడో దాంట్లో ఇంటి మాట. అంటే తెలుగు. అమ్మనో అవ్వనో అడిగి తెచ్చుకోవాలి. డిక్షనరీలో తమిళ అర్థం కూడా పిల్లలకు కొరుకుడు పడని పుస్తక భాషలో ఉండేది. అది అమ్మకు చెబితే, కాసేపు ఆలోచించి, ఆమె ఒక చిన్న తెలుగు మాట ఇచ్చేది. వడ్ల బస్తా కుట్టే దారానికి, ఎండిన చెరువు నేల పగిలే తీరుకు, కోపం కాదు గాని మాట్లాడకుండా ఉండిపోవడానికి, అన్నిటికీ ఆమె దగ్గర మాటలుండేవి. ఇంగ్లీషు పరీక్ష కోసం ఇంట్లో ఆడవాళ్లను అడిగి అడిగి మేం మా తెలుగును పోగు చేసుకున్నాం. అప్పుడు అది తెలుగు నేర్చుకోవడం అని మాకు తోచలేదు.

ఆ మూడో వరస రాయడం తమిళ అక్షరాల్లో. మాకు వచ్చింది అవే. తమిళంలో క, గ ఒకటే అక్షరం. ప, బ ఒకటే. త, ద ఒకటే. గేటు, కేటు ఒకేలా రాస్తాం. బడి, పడి ఒకేలా రాస్తాం. ఎక్కడ ఎలా పలకాలో చెవి చెబుతుంది. తెలుగిళ్ల పిల్లల చెవికి ఆ తేడా పుట్టుకతోనే తెలుసు గనక ఇంగ్లీషులో బి, పి; జి, కె; డి, టి అక్షరాల్లో మేం తడబడేవాళ్లం కాదు. డిక్టేషన్లో ఇది మాకు పెద్ద అండ. సారు ఈ సంగతి పసిగట్టి తెలుగు పేర్లతోనే స్పెల్లింగు సాధన చేయించేవారు.

కాంప్రహెన్షన్ పాసేజీని ఆయన చదివించే తీరు గురించి ఒక పుస్తకమే రాయవచ్చు. ప్రశ్నలు ముందు చూడనిచ్చేవారు కాదు. పాసేజీ నింపాదిగా ఒకసారి, తర్వాత పెదవులు కదపకుండా ఇంకోసారి చదివి పుస్తకం మూసేయాలి. మూశాక, అందులో ఏముందో తెలుగులో చెప్పాలి. పక్కింటి అమ్మకు చెప్పినట్టు చెప్పాలి. ఎక్కడ నసిగితే అక్కడ అర్థం కాలేదన్నమాట, మళ్లీ పుస్తకం తెరవాలి. చెప్పడం పూర్తయ్యాకే ప్రశ్నలు, జవాబులు ఇంగ్లీషులో. పాసేజీలో వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాస్తే కొట్టేసేవారు. నాన్‌డిటెయిల్డుకూ ఇదే పద్ధతి. లాంబ్ అక్కాతమ్ముళ్లు 1807లో పిల్లల కోసం రాసిన షేక్‌స్పియరు కథలు మా చావడిలో రాజపాళయం తెలుగులోకి దిగేవి. కింగ్ లియరు కథ ఒకడు చెబుతుంటే, పక్క మెట్టు మీద తాంబూలం వేసుకుంటున్న ఒక తాత "ఆస్తి ముందే రాసిచ్చేసినాడా? తప్పు చేసినాడే!" అన్నారు. సారు ఆ మాటనే ఆ పాఠానికి సెంట్రల్ ఐడియాగా ఇంగ్లీషులో రాయమన్నారు.

ఈ చదువు పరీక్ష కోసమే కాదని వీధి మాకు రోజూ గుర్తుచేసేది. టెలిగ్రాములు ఇంగ్లీషులో వచ్చేవి. తంతి మనిషి వీధి మలుపు తిరిగాడంటే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవారు. చదవడం రానివాళ్లు కాగితం పట్టుకుని చావడికి పరిగెత్తేవారు. సారు లేకపోతే మాలో పెద్దవాడు చదవాలి. ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. అయిదు మాటలు కూడా లేవు. సీరియస్ అని ఉంటే చాలాసార్లు మనిషి అప్పటికే పోయినట్టని, ఆ సంగతి నీ నోటితో చెప్పకూడదని, ముఖంలో కనబడనివ్వకూడదని, అర్జెంటుగా బయలుదేరమన్నారు అని మాత్రమే చెప్పాలని సారు నేర్పారు. రాసిన దాని వెనక రాయనిది చదవడం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడ. ప్రెసీ రైటింగు నేర్పడానికి కూడా ఆయనకు టెలిగ్రామే ఆధారం. మాటకింత అని రుసుము గనక, ఉత్తరం ఇచ్చి దాన్ని టెలిగ్రాముగా కుదించమనేవారు, అనవసరమైన ప్రతి మాటకు ఇంట్లోవాళ్ల డబ్బు పోతుందని గుర్తుచేస్తూ. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాము సేవ ఆగిపోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు చావడే కళ్ల ముందు మెదిలింది.

ఇంత మంచిగా చెబుతున్నాను గాని ఆ అరుగు అందరిదీ కాదు. ఆడపిల్లలు చావడి ఎక్కేవారు కాదు. వాళ్లకు సారు భార్య ఇంటి లోపలి గదిలో సారు రాసిచ్చిన అభ్యాసాలు చేయించేవారు. అనుమానం వస్తే చీటీ మీద రాసి బయటికి పంపాలి, జవాబు చీటీ మీదే లోపలికి వెళ్లాలి. చాలామంది పదకొండో తరగతి దాకా రాకుండానే పెళ్లయి వెళ్లిపోయారు. ఆ చీటీల్లోని ఇంగ్లీషు మా వాటికంటే శుభ్రంగా ఉండేదని సారే అనేవారు. ఇక ఊరి అంచున, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయర్ల పిల్లలుండేవారు. భాష ఒకటే, బడి ఒకటే, పరీక్ష ఒకటే. అయినా చావడి మెట్లు వాళ్లకు లేవు. సారు వాళ్లలో ఇద్దరు ముగ్గురికి బడి మైదానంలో చెట్టు కింద విడిగా చెప్పేవారు. అంతకంటే ఆయన చేయలేదు, పేట చేయనివ్వలేదు. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి ఆ రోజుల్ని తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

1978లో తమిళనాడు చదువుల రూపు మారింది. పదకొండేళ్ల ఎస్సెస్సెల్సీ పోయి పది, ఆపైన ప్లస్ టూ వచ్చాయి. మెట్రిక్యులేషన్ బడులకు నియమావళి వచ్చిందీ ఆ కాలంలోనే. ఇంగ్లీషు మీడియం బడులు ఒక్కొక్కటిగా పెరిగాయి. నెల జీతం ఉన్న ప్రతి ఇల్లూ పిల్లల్ని అక్కడికి పంపింది. అందుకు నేను ఎవరినీ తప్పు పట్టను. ఇంగ్లీషు రాక ఆగిపోయినవాళ్లను చూసిన తల్లిదండ్రులు వాళ్లు. కాని ఆ బడుల్లో ఇంగ్లీషును దేనిలోకీ మార్చి చెప్పక్కర్లేదు. సైన్సూ ఇంగ్లీషులోనే, సోషలూ ఇంగ్లీషులోనే. అర్థం కాకపోతే బట్టీ. మూడో వరస నోటుబుక్కు అవసరం పోయింది. అమ్మను అడిగే పని పోయింది. కొన్ని ఇళ్లలో అమ్మలే పిల్లలతో ఇంగ్లీషులోనో తమిళంలోనో మాట్లాడడం మొదలుపెట్టారు, చదువుకు అడ్డం రాకూడదని. గైడ్లు వచ్చాయి. ఏ ప్రశ్నకు పాసేజీలో ఏ వాక్యం ఎత్తి రాయాలో వాటిలో ఉంటుంది. రోడ్ మ్యాపు చూసి దారి చెప్పడం, ప్రకటనకు నినాదం జతచేయడం, హింట్సు పెంచి కథ రాయడం లాంటి కొత్త అభ్యాసాలు ఇంగ్లీషు రెండో పేపరులో చేరాయి. వాటిలో కొన్ని మంచివే. చివరికి ఆ రెండో పేపరు కూడా పోయి, 2019-20 నుంచి పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే పేపరైంది.

గ్రామరు పోయిందని కొందరు బాధపడతారు. నా బాధ అది కాదు. మా పిల్లలు మాకంటే ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారు, సంతోషం. నా బాధ తెలుగుకు ఊళ్లో ఒక చదువు పని ఉండేది, అది పోయింది అన్నది. పెళ్లిలో, వంటింట్లో, కోపంలో మాట్లాడే భాషగా అది ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. కాని కఠినమైన విషయాన్ని విడగొట్టి, ఎందుకు, ఎట్లా అని అడిగి, తేల్చి చెప్పడానికి మేం దాన్ని వాడిన చోటు ఆ చావడి ఒక్కటే. తెలుగు బడి లేని ఊళ్లో తెలుగుకు బడి అయింది ఇంగ్లీషు ట్యూషన్. అది మూతపడ్డాక మా పిల్లలకు తెలుగులో ఆలోచించవలసిన అవసరం ఎక్కడా రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్ని ఇంగ్లీషు మీడియంకు మార్చాలని 2019లో ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు రెండు పక్షాలవాళ్ల వాదనలూ శ్రద్ధగా చదివాను. ఇంగ్లీషు కావాలన్నవాళ్లు ఒకవైపు, తెలుగు నిలవాలన్నవాళ్లు ఒకవైపు. నా ఊరు చూసినవాడిగా చెబుతున్నాను, ఈ రెంటికీ వైరం లేదు. తెలుగులో వివరించి నేర్పిన ఇంగ్లీషు తెలుగును కాపాడింది. తెలుగును పక్కకు నెట్టి నేర్పిన ఇంగ్లీషు దాన్ని తుడిచేసింది. సరిహద్దు బయట ఉన్నవాళ్లం గనక మాకు ఇది ముందే కనబడింది.

నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగం మీద హైదరాబాదు వెళ్లాక, నడివయసులో. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అటక మీదినుంచి నా పాత నోటుబుక్కు తీసి మూడో వరస చదవబోయాను. సగం మాటలు నాకే అంతుచిక్కలేదు. తమిళ అక్షరాల్లో ఉన్న మాట బ-తోనా ప-తోనా, ద-తోనా త-తోనా అని తెలియలేదు. అప్పటికి అమ్మ ఉంది. పక్కన కూర్చుని ఒక్కో మాటా చదివితే ఆమె సరిదిద్ది పలికింది, నేను నాలుగో వరస గీసి తెలుగు లిపిలో రాసుకున్నాను. నిఘంటువుల్లో వెతికితే వాటిలో చాలా మాటలు దొరకలేదు. మా ఊరి తెలుగుకు నేను చూసిన రాత ఆధారం ఆ నోటుబుక్కే.

రాజపాళయంలోనే కాదు, తమిళనాడులో తెలుగిళ్లు ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ నా వయసువాళ్ల ఇళ్లలో ఇలాంటి ఇంగ్లీషు మాటల నోటుబుక్కులు, పుస్తకాల అంచుల్లో రాసుకున్న ఇంటి అర్థాలు ఇంకా ఉండి ఉంటాయి. పాత కాగితాలవాడికి వేయకండి. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉంటే ఆమె పక్కన కూర్చుని ఆ మాటలు చదివి వినిపించి ఆమె చేత పలికించుకోండి, ఫోనులో గొంతు రికార్డు చేసుకోండి, తెలుగు లిపి వచ్చినవాళ్ల చేత పక్కన రాయించండి. రాత మన దగ్గర ఉన్నా దాన్ని సరిగ్గా పలకగలవాళ్లు ఆ పెద్దవాళ్లే. ఈ పని వాళ్లుండగానే కావాలి.